చుట్టులైను ఎందుకు వంగింది?

కాయెతన్ స్రోకాకి ఒకే ఒక్క జబ్బు ఉండేది. చుట్టులైను చరిత్ర చెప్పడం. దానికి మందు లేదు, వేళాపాళా లేదు. మనిషి దొరికితే మనిషికి చెప్పేవాడు. దొరక్కపోతే గేటు కమ్మీ మీద వాలిన పావురాలకి చెప్పేవాడు. పావురాలు ఎగిరిపోయేవి. మనుషులకి ఆ అదృష్టం లేదు. ఎదురుగా గేటు పడి ఉండేది.

బఫలో నగరం తూర్పు పేటలో రైలుగేటు కాపలా ఆయన ఉద్యోగం. గేటు పడిందంటే, అది మళ్లీ లేచేదాకా జనమంతా ఆయన సొత్తు.

చుట్టులైను అంటే పెద్ద లైనేమీ కాదు. ఈ చివర నిలబడి గట్టిగా తుమ్మితే ఆ చివర ఎవరో "నూరేళ్లు!" అంటారని పేటలో వేళాకోళం. అది లేని రోజుల్లో బొగ్గు బండీ, గోధుమ బండీ, పశువుల బండీ అన్నీ పెద్ద స్టేషను గొంతులోంచే దూరాల్సి వచ్చేది. పందుల బండి కదిలేదాకా దాని వెనక షికాగో వెళ్లే దొరసానుల బండి ఆగేది. దొరసానులు సెంటు రుమాళ్లు ముక్కులకి అడ్డం పెట్టుకుని రైలు కంపెనీకి ఘాటుగా ఉత్తరాలు రాసేవారు. చివరికి కంపెనీ, పోలండు నుంచి వచ్చిన కూలీలు కాపురముండే పేటలోంచి ఈ పొట్టి లైను వేసింది. ఊళ్లో ఆగనక్కర్లేని గూడ్సు బండ్లన్నిటినీ స్టేషను ముఖం చూడనివ్వకుండా పక్కనుంచి దాటించేసింది. దొరసానుల ముక్కులు బతికాయి. వాసన పేటకి వచ్చింది.

ఇంతవరకూ అందరికీ తెలిసిన సంగతే. తెలియనిదల్లా ఆ వంపు. గీత గీసినట్టు వచ్చిన లైను సరిగ్గా స్రోకా గేటు ముందు, కొండా కాలవా ఏమీ లేనిచోట, నడుం పట్టేసిన ముసలమ్మలా పక్కకి వంగి, మళ్లీ నిటారుగా పోతుంది. ఆ వంపు దగ్గర బండి నత్తలా నడవాలి. బండి నత్తలా నడిస్తే గేటు అంతసేపూ పడి ఉండాలి. అప్పుడు ఎవరో ఒకరు ప్రాణం విసిగి, "అసలీ వెధవ లైను ఇక్కడెందుకు వంగి చచ్చిందో!" అంటారు.

అంతే. స్రోకా కాపలా గుమ్టీలోంచి బయటికి వచ్చి, జెండా చంకన పెట్టుకుని, గొంతు సవరించుకునేవాడు.

"మంచి మాట అడిగావు. అది నేను నా కళ్లతో చూశాను."

లైను వేసేనాటికి ఆయన పోలండులో గోలీలాడుకుంటున్నాడు. ఎవరైనా ఆ సంగతి ఎత్తిచూపితే చలించేవాడు కాదు.

"మా నాన్న చూశాడు. ఆయన కళ్లే నాకు వచ్చాయి. కావాలంటే రంగు చూసుకో" అని రెప్పలు వేళ్లతో లాగి చూపించేవాడు.

ఆయన చరిత్రలో మనుషులకి పేర్లు ఉండేవి కావు. టోపీలు ఉండేవి. ఆకుపచ్చ టోపీ కంపెనీ ప్రెసిడెంటు, చిలుం పట్టిన గుండీ టోపీ ఇంజనీరు. టోపీ రంగు చెప్పాక ఇంక కాదనే మొనగాడెవడు?

ఒకసారి పేటలో ఓ ముసలాయన పోతే, శవపేటిక పక్కన మోకరిల్లిన స్రోకా ఎంతసేపటికీ లేవలేదు. ఎంత భక్తి అనుకుని వెనకనున్న ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. పోయినాయన కొడుకు దగ్గరికి వంగి వింటే, "... అంచేత ప్రెసిడెంటు గుర్రం దిగి ఏమన్నాడంటే..." అని వినబడింది. కొడుకు కొయ్యబారిపోయాడు.

"మామా! మా నాన్న పోయాడు!"

"తెలుసురా. మొన్న సగంలో గేటు ఎత్తేశాను. మిగతా సగం వినకుండా పోతే ఆయన మనసు కొట్టుకుంటుంది కదా."

ఈ జబ్బువల్ల అందరికన్నా ఎక్కువ దెబ్బ తిన్నవాడు ఎడ్మండ్ కుబ్యాక్.

ఎడ్మండ్ పశువుల యార్డులో బండ్ల పెట్టెలు కడిగే పని చేసేవాడు. తండ్రి పోవడంతో పద్నాలుగో ఏట బడి మానేశాడు. సాయంత్రం పేడ కడుక్కుని లైబ్రరీలో కూర్చుని, అలమార మొదట్లో మొదలుపెట్టి వరసగా చదువుకుంటూ పోయేవాడు. చదువుకున్నవాళ్లంటే అతనికి ఒళ్లుమంట. చదువుకోనివాళ్లంటే ఇంకా మంట. లోకం తనకి బాకీ పడిందనీ, అది ఎగ్గొట్టే రకమనీ అతని గట్టి నమ్మకం.

అలాంటివాడికి ఫాదర్ అలోయిజీ ఓ పని ఒప్పజెప్పాడు. సెయింట్ జీతా చర్చీ, చుట్టులైనూ ఒకే ఏడు పుట్టాయి. పగలు పట్టాలు వేసిన చేతులే సాయంత్రాలు చర్చికి ఇటుకలు మోశాయి. రెంటికీ యాభయ్యేళ్లు నిండుతున్నాయి కాబట్టి రెంటి చరిత్రా కలిపి ఓ చిన్న పుస్తకం వెయ్యాలి.

"నువ్వు రాయి ఎడ్మండూ" అన్నాడు ఫాదర్. "బాగుంటే మా చెల్లెలి మొగుడికి చూపిస్తాను. వారపత్రిక నడుపుతున్నాడు కదా, రాసేవాడు లేక జుట్టు పీక్కుంటున్నాడు."

ఆ రాత్రి ఎడ్మండ్‌కి నిద్ర పట్టలేదు. చేతికి పేడకి బదులు సిరా! లైబ్రరీలో పాత కాగితాలన్నీ తిరగేశాడు. లైను పొడవూ, వేసిన ఏడూ దొరికాయి. వంపు గురించి ముక్క లేదు. కానీ ఆ ముక్క అతనికి లైబ్రరీ అక్కర్లేకుండానే తెలుసు. కొన్నేళ్ల కిందట ఓ సాయంత్రం, గేటు దగ్గర స్రోకాయే చెప్పాడు. అప్పటినుంచీ దాన్ని ఎవరికీ చెప్పకుండా మెడలో తాయెత్తులా దాచుకున్నాడు.

పుస్తకం అచ్చయింది. చర్చి హాల్లో విందు. పొగలు కక్కే సాసేజీలు, పులిసిన కాబేజీ, వెన్నలో తేలుతున్న పియెరోగీ కుడుములు. రైలు కంపెనీ తరఫున, సర్వే ఆఫీసులో పనిచేసే విట్లాక్ అనే పెద్దాయన వచ్చి, మూల కుర్చీలో అంచుమీద కూర్చున్నాడు. స్రోకా మూడో పళ్లెంలో ఉన్నాడు.

ఎడ్మండ్ అరువు కోటు సర్దుకుని చదవడం మొదలుపెట్టాడు. చర్చి చరిత్ర సాఫీగా దాటింది. వంపు వచ్చింది.

"ఈ వంపుని రూపొందించినవాడు బడి చదువు లేని ఓ యువకుడు. పగలు పట్టాలు మోసి, సాయంత్రం దీపం కింద లెక్కలు నేర్చుకున్నాడు. లైను తిన్నగా వేస్తే బండి పట్టు తప్పుతుందని అతనొక్కడే చెప్పాడు. కాలేజీ ఇంజనీర్లు పగలబడి నవ్వారు. కాని చివరికి, నల్లటోపీ పెట్టుకున్న ఆ యువకుడి మాటే..."

"ఆగు ఆగు ఆగు!"

లేచింది లెయోకాదియా. బ్రాడ్వే బజారులో ఈస్టరు పండక్కి వెన్నతో గొర్రెపిల్లలు చేసి, మిరియాలు కళ్లుగా గుచ్చి అమ్మే విధవరాలు.

"ఏ యువకుడబ్బాయ్? అక్కడున్నది విధవరాలు!"

"ఏ విధవరాలత్తా?"

"లైను దారికి అడ్డంగా కుర్చీ వేసుక్కూచున్న విధవరాలు! ఒళ్లో పెద్దబాతుని పెట్టుకుని! ఇల్లు అమ్మనంటే అమ్మనంది. ప్రెసిడెంటు ఎర్రటోపీ తీసి బతిమాలాడు, బాతు ఆయన వేలు కొరికింది. చేసేది లేక లైనుని వంచుకున్నారు. లోకానికంతటికీ తెలిసిందే!"

"విధవరాలూ లేదు, బాతూ లేదు" అంటూ టేబులు చరిచాడు కసాయి జిగ్మంట్. కత్తి జారి పాదం మీద పడ్డప్పటినుంచీ కుంటుతూ నడుస్తాడు. "అక్కడున్నది కుంటి సర్వేయరు. ఆయన నడిచినట్టే గీత వచ్చింది. అట్లా వంగబట్టే యాభయ్యేళ్లు నిలిచింది, తిన్నగా వేసినవన్నీ తుప్పు పట్టి పోయాయి. బూడిదరంగు టోపీ!"

"కుంటి కాదు, నత్తి ఇంజనీరు!" అని వెనకనుంచి ఇంకెవరో.

"నత్తేంటి? కవలలు! ఇద్దరికీ పడక చెరో పక్కనుంచీ వేసుకొచ్చారు!"

హాల్లో గాలివాన రేగింది. ఆలికో కథ, మగడికో కథ. పక్కపక్కన కూర్చుని ముప్ఫయ్యేళ్లు కాపురం చేసినవాళ్లు ఒకరినొకరు కొత్తవాళ్లని చూసినట్టు నోళ్లు తెరుచుకుని చూసుకున్నారు. తన కథ తప్ప ఇంకో కథ ఉందని ఆ క్షణందాకా ఎవరికీ తెలియదు. ఎందుకంటే, స్రోకా "చుట్టులైను" అనగానే అందరూ చెవులు మూసుకునేవారు. ఒక్కొక్కరూ జన్మలో ఒక్కసారి, గేటు దగ్గర ఒంటరిగా చిక్కినప్పుడు మాత్రమే పూర్తిగా విన్నారు.

"ఫాదర్! మీరైనా చెప్పండి" అన్నాడు ఎడ్మండ్.

ఫాదర్ అలోయిజీ కబోదిలా బల్లమీద తడుముకుని కళ్లజోడు పెట్టుకున్నాడు.

"నాకు... నాకు చెప్పింది... ఇంజనీరు పటం తలకిందులుగా పట్టుకున్నాడని."

ఫాదరుకి ఆ కథ స్రోకా ఎప్పుడు చెప్పి ఉంటాడో ఎవరూ అడగనక్కర్లేదు. పందుల ఈస్టరు ఏడే అయ్యుండాలి.

ఆ ఏడు పండగ ముందు శనివారం, పేట పేటంతా బుట్టల్లో గుడ్లూ, సాసేజీలూ, వెన్న గొర్రెపిల్లలూ సర్దుకుని దీవెన కోసం చర్చికి బయలుదేరింది. గేటు పడింది. వంపులో పందుల బండి ఇంజను చెడి ఆగిపోయింది. చర్చి అవతల, బుట్టలు ఇవతల. బఫలోలో ఏప్రిల్లో ఎన్నడూ ఎరగని ఎండ. గొర్రెపిల్లల చెవులు ముందు కారాయి, తరవాత ముఖాలు. మిరియాల కళ్లు జారి గడ్డం కిందికి వచ్చాయి. "మా గొర్రె కప్పయిపోయింది!" అని ఎవరో ఏడుపు లంకించుకున్నారు. ఫాదరుకి జాలి ఆగలేదు. ఇత్తడి బకెట్టు పట్టుకుని అవతలి పక్కకి వచ్చి, మంత్రం చదివి, తీర్థం బండి మీదుగా ఇవతలికి విసిరాడు. చెయ్యి అంత దూరం సాగలేదు. ఒక్క చుక్క ఇవతల పడలేదు.

"ఫాదర్! పందులు తడుస్తున్నాయి!" అని లెయోకాదియా పొలికేక పెట్టింది.

ఫాదరు వినబడక, భక్తి పొంగిందనుకుని, ఇంకో బకెట్టు తెప్పించాడు. పెట్టెపెట్టెకీ తిరిగి దీవించాడు. పందులు సంతోషంగా గురగురలాడాయి.

"ఇప్పుడు దీవెన ఉన్నదేమో పందికి. సాసేజీకేమో లేదు. పండగపూట ఏది తినాలి నాయనా?" అని జిగ్మంట్ అడిగిన ప్రశ్నకి నేటికీ సమాధానం లేదు. వార్త బిషపు గారిదాకా పాకింది. ఫాదరు సిగ్గుతో చితికిపోయి, బదిలీకి కాగితం పెట్టుకోవడానికి బయలుదేరాడు. దారిలో గేటు పడింది. తరవాత ఏమైందో తెలియదు గాని, కాగితం పెట్టలేదు.

హాల్లో ఇప్పుడు అన్ని తలలూ ఒకేసారి స్రోకా వైపు తిరిగాయి. ఆయన నోట్లో పియెరోగీ ఉంది.

"తాతా!" ఎడ్మండ్ పుస్తకం ఎత్తి చూపించాడు. "వీటిల్లో ఏది నిజం?"

స్రోకా తాపీగా నమిలి మింగాడు. "నువ్వు రాసింది బాగుందిరా. నీకు సరిపోతుంది."

"సరిపోవడమేంటి? చరిత్రా, చొక్కానా?"

"క్షమించాలి..." అని మూలనుంచి సన్నటి గొంతు. విట్లాక్ లేచి నిలబడ్డాడు. అంతమంది చూస్తుంటే చెవులు ఎర్రబడ్డాయి. "నాకు తెలుసు. మా ఆఫీసులో పాత పటం ఉంది. అక్కడో బురదగుంట ఉండేది. పూడ్చాలంటే ఖర్చు. అందుకని పక్కనుంచి వేశారు."

విధవరాలూ, బాతూ, కుంటివాడూ, నత్తివాడూ, నల్లటోపీ యువకుడూ అందరూ కలిసి ఆ బురదలో బుడుంగుమని మునిగిపోయిన చప్పుడు అందరికీ వినబడినట్టే ఉంది.

అందరికన్నా ఎక్కువ నిర్ఘాంతపోయింది స్రోకా. ఫోర్కు జారి పళ్లెంలో పడింది.

"బురదా?"

"బురదండీ."

"వట్టి బురద?"

"కొంచెం నాచు కూడా ఉండి ఉండచ్చు."

"ఇంజనీరు టోపీ ఏ రంగు?"

"అది... పటంలో లేదండీ."

"మరి మీకు తెలిసిందేంటి!" అని స్రోకా కోపంగా టవలు విదిలించి లేచిపోయాడు.

అచ్చయిన పుస్తకాల కట్టలు హాలు మెట్లకిందికి చేరాయి. ఎడ్మండ్‌ని ఎవరూ ఏమీ అనలేదు. అదే అతనికి ఎక్కువ మండింది. అబద్ధాల ముసలాడి మాట పట్టుకుని చరిత్ర రాసిన పేడ కడిగేవాడు! పత్రిక ఉద్యోగం ఇంకెక్కడిది? ఉద్యోగమైనా పోనీ. ఆ నల్లటోపీ యువకుడు అసలు లేడు. తను ఇన్నేళ్లుగా ఎవర్ని చూసుకుని పుస్తకం తెరుస్తున్నాడో వాడు లేనే లేడు. అక్కడ ఉన్నది నాచు.

ఆదివారం స్రోకా చర్చిలో పాపాలు ఒప్పుకోవడానికి వెళ్లాడు. ఫాదరు విధించిన శిక్ష ఒక్కటే: ఇకమీదట వంపు గురించి ఎవరడిగినా నిజమే చెప్పాలి.

పేట నివ్వెరపోయింది. గేటు పడితే స్రోకా గుమ్టీ ముందు బొమ్మలా నిలబడేవాడు.

"తాతా, ఎందుకు వంగిందీ?"

"బురద."

"అంతేనా?"

"అంతే."

"ఎలాంటి బురద?"

"తడి బురద."

పీడ వదిలిందని జనం సంబరపడాలి. చిత్రంగా ముఖాలు వేలాడేశారు. బండి మునుపటికన్నా పొడుగైపోయినట్టూ, గేటు లేవడమే మరిచిపోయినట్టూ అనిపించింది. పావురాలు కూడా గుమ్టీ చుట్టూ తచ్చాడి, ఆయన ఏమైనా అంటాడేమోనని మెడలు వంచి చూసేవి.

ఈలోగా ఫాదర్ అలోయిజీ యార్డుకే వచ్చి ఎడ్మండ్‌ని పట్టుకున్నాడు.

"మా చెల్లెలి మొగుడికి విందు సంగతి చెప్పాను. నవ్వి నవ్వి కుర్చీలోంచి పడ్డాడు. ఆ వంపు కథలన్నీ వారానికొకటి రాసిమ్మంటున్నాడు. ఉద్యోగం ఇస్తాడట."

ఎడ్మండ్ చీపురు కింద పడేశాడు. "నేను చరిత్ర రాస్తానన్నాను ఫాదర్. కట్టుకథలు కాదు. ఆ ముసలాడి బూటకాలకి నా పేరు పెట్టుకోమంటారా?"

"ఆలోచించుకో నాయనా."

"ఆలోచించాను. పేడే నయం."

ఆ సాయంత్రం ఇంటికి వెళుతుంటే బజారులో లెయోకాదియా ఆపింది.

"ఏం అబ్బాయ్, ముసలాయన మీద ఇంకా కారాలు నూరుతున్నావా?"

"నీకు కోపం లేదా అత్తా? నీ బాతు కూడా బూటకమే కదా."

"బాతు బూటకమైతేనేం, ఈ కొట్టు నిజం కదా." ఆవిడ చేతులు వెన్నలోంచి తీసి తుడుచుకుంది. "మా ఆయన పోయిన ఏడు మా మరుదులు కొట్టు రాసిచ్చెయ్యమని పీకలమీద కూర్చున్నారు. సంతకం పెట్టడానికే బయలుదేరాను. గేటు పడింది. బండి పోయేసరికి బాతు ప్రెసిడెంటు వేలు కొరికేసింది. నేను వెనక్కి తిరిగి ఇంటికొచ్చేశాను. మరుదులు వస్తే కుర్చీ వేసుక్కూచున్నాను. బాతు లేదనుకో, అట్లకాడ పెట్టుకున్నాను ఒళ్లో."

ఎడ్మండ్ కొట్టు బల్లకి చేరగిలబడ్డాడు.

"జిగ్మంట్‌ని అడుగు" అంది ఆవిడ. "ఆసుపత్రినుంచి కర్ర పట్టుకుని వస్తుంటేనట, గేటు పడింది. నీకు చెప్పింది ఎప్పుడురా?"

ఎప్పుడో ఎడ్మండ్‌కి ఆ క్షణాన గుర్తొచ్చింది. రాత్రిబడిలో చేరతానని వెళ్లిన రోజు. అక్కడి గుమాస్తా అతని చేతులు చూసి, ముక్కు మూసుకుని, పక్కవాడితో ఏదో అని నవ్విన రోజు. తిరిగి వస్తుంటే గేటు పడింది.

అతను పరుగులాంటి నడకతో గుమ్టీకి వెళ్లాడు. స్రోకా సూపు తాగుతున్నాడు.

"తాతా, ఎవరి కష్టమేంటో నీకెలా తెలుసు? ఎవరూ నీకు చెప్పుకోలేదు కదా!"

"చెప్పుకోవడం దేనికిరా? గేటు దగ్గర అందరూ ముఖాలు బయటపెట్టుకునే నిలబడతారు." స్రోకా చెంచా నాకి పక్కన పెట్టాడు. "మామూలువాడు బండి కేసి చూస్తాడు. ఎన్ని పెట్టెలున్నాయా అని. కొందరు పెట్టెల కేసి చూడరు. చక్రాల కేసి చూస్తారు. అట్లాంటివాళ్లని పలకరించకుండా ఎలా ఉంటాను? 'నీకేం కష్టం' అని అడిగితే తంతారు. లైను సంగతైతే ఎవరికీ అభ్యంతరం ఉండదు."

రాత్రిబడినుంచి తిరిగొచ్చిన ఆ సాయంత్రం తను దేనికేసి చూశాడో ఎడ్మండ్‌కి బాగా గుర్తుంది. ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు, తనకి తను కూడా.

"మరి... మిగతావాళ్లకి ఎందుకు చెబుతావు? పెళ్లిళ్లలో, చావుల్లో?"

"అందరికీ చెప్పకపోతే, నేను నోరు తెరవగానే ఫలానావాడికి కష్టమొచ్చిందని పేటంతా తెలిసిపోదూ?"

"పావురాలకో?"

"అది సాధన" అన్నాడు స్రోకా గంభీరంగా. తరవాత నిట్టూర్చాడు. "ఊళ్లో ఆగిపోయిన బండిని చుట్టు తిప్పి అవతలికి చేర్చడమే కదరా ఈ లైను పని. నేనూ దాని జీతమే తింటున్నాను. ఇప్పుడు ఫాదరు నోటికి గేటు వేసేశాడు. ఏం చేస్తాం, బురద."

గంట మోగింది. స్రోకా లేచి గేటు దించాడు. బొగ్గు బండి వంపు తిరుగుతూ వచ్చింది, నత్తలా.

అప్పుడు చూశారు ఇద్దరూ. గేటు దగ్గర ఒకే ఒక్క మనిషి. విట్లాక్. చంకలో ఓ అట్టపెట్టె. అందులో ఓ గడియారం, స్కేలు, టీ కప్పు. ఆఫీసులో ఆఖరి రోజు అయిపోయి, బల్ల ఖాళీ చేసుకుని వస్తున్నాడని చూస్తేనే తెలుస్తోంది. వీడ్కోలు చెప్పడానికి వెంట ఎవరూ వచ్చినట్టు లేదు. ఆయన పెట్టెల కేసి చూడటం లేదు.

స్రోకా ముఖం పాలిపోయింది. జెండా చంకన పెట్టుకుని దగ్గరికి నడిచాడు. ఎడ్మండ్ వెనకే వెళ్లాడు.

విట్లాక్ చక్రాలమీంచి చూపు తిప్పకుండానే, చాలా మెల్లిగా అడిగాడు:

"ఈ లైను... ఇక్కడ ఎందుకు వంగిందండీ?"

ఆ ప్రశ్నకి జవాబు తెలిసిన ఏకైక మనిషి, హాలు మధ్యలో నిలబడి బురద అని చెప్పిన మనిషి, తనే వచ్చి అడుగుతున్నాడు!

స్రోకా నోరు తెరిచాడు. మూశాడు. మళ్లీ తెరిచాడు. ఫాదరుకిచ్చిన మాట గొంతులో పియెరోగీలా అడ్డం పడింది.

"బు..." అన్నాడు. "బు..."

ఇంకో ముక్క రాలేదు. తలతిప్పి ఎడ్మండ్ కేసి చూశాడు. యాభయ్యేళ్ల లైను మీద ఏ బండీ అంత దీనంగా ఎర్రజెండా కేసి చూసి ఉండదు.

ఎడ్మండేమో నిజం తప్ప రాయనన్నవాడు. పేడే నయమన్నవాడు.

"మంచి మాట అడిగారండీ" అన్నాడు. ఆ మాట అన్నది తనేనా అని అదిరిపడ్డాడు కూడా. "అప్పట్లో కంపెనీలో ఓ మనిషి ఉండేవాడు. మూల కుర్చీలో కూర్చునేవాడు. ఎవరూ ఆయన్ని పలకరించేవాళ్లు కాదు. పేరు కూడా తెలీదు. పెద్దవాళ్లందరూ కలిసి లైనుని తిన్నగా గీసేశారు. ఆ గీత సరిగ్గా ఈ పేటలో ఇళ్లమీంచి పోతోందని చూసినవాడు ఆయనొక్కడే. ఎవరూ లేనప్పుడు బల్ల దగ్గరికి వెళ్లి, స్కేలు తీసుకుని, ఇదిగో ఇంత... ఇంత పక్కకి జరిపాడు."

విట్లాక్ చూపు చక్రాలమీంచి లేచింది. అట్టపెట్టెలోని స్కేలు మీద ఆగింది. తరవాత వంపు అవతల వరసగా దీపాలు పెడుతున్న ఇళ్లమీదికి వెళ్లింది.

"ఎవరూ కనిపెట్టలేదా?" అన్నాడు.

"ఇప్పటిదాకా లేదండీ."

"ఇది... ఎక్కడైనా రాశారా?"

"వచ్చే వారం పత్రికలో వస్తుంది" అన్నాడు ఎడ్మండ్.

విట్లాక్ అట్టపెట్టె ఓ చంకలోంచి ఇంకో చంకలోకి మార్చుకుని, మొదటిసారిగా నవ్వాడు. బండి ఆఖరి పెట్టె వంపు తిరిగిపోయింది. ఎడ్మండ్ హమ్మయ్య అనుకునేలోపల వెనకనుంచి ఎవరో అతని చొక్కా పట్టి గుంజారు.

"టోపీ రా!" స్రోకా చెవిలో గుసగుసగా కసురుకున్నాడు. "టోపీ రంగు చెప్పకుండా గేటు ఎత్తమంటావా? చెప్పు ముందు!"